గడిలో కూలి ముట్టిన రోజు

మా పక్కింటి అమ్మాయికి ఈ మధ్యే ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బాతో వచ్చి, "ఆంటీ, మీరు ఇన్నేళ్లు చేశారు కదా, ఈ పనిలో అసలు ఏముంటుంది?" అని అడిగింది. కొలతలు, ఎస్టిమేట్లు, బిల్లులు అని చెప్పి పంపించాను. ఆమె గేటు దాటాక సగమే చెప్పాననిపించింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా పని

నేను జిల్లా ఇంజనీరింగు విభాగంలో పనిచేశాను. చేరినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. రిటైరయ్యేసరికి మూడు జిల్లాలయ్యాయి. నా ఉద్యోగమంతా ఈ మూడింటి మధ్య బస్సుల్లోనూ, ఆఫీసు జీపులోనూ గడిచింది. ప్రాజెక్టులు, పెద్ద వంతెనలు నా చేతికి రాలేదు. ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు, కాలనీకో పార్కు, ఏ పెద్ద శాఖా పట్టించుకోని పాత కట్టడానికి మరమ్మతు. ఇవే నా పనులు.

ఈ పనులకు డబ్బు ఒక్క చోటు నుంచి రాదు. పంచాయతీది కొంత, మున్సిపాలిటీది కొంత, కలెక్టరు దగ్గరి ప్రత్యేక నిధి కొంత, ఇళ్ల పథకానిది వేరే. ఏ సంచీకి ఆ సంచీకే ముడి. ఇళ్ల డబ్బుతో మొక్క నాటకూడదు, పార్కు డబ్బుతో గోడ పూయకూడదు. ఒకే ఊరికి ఇల్లూ, పార్కూ, పాత కట్టడమూ మూడూ కావాల్సివస్తే ఆ ముడులన్నీ విప్పి ఒక చోట కలపడమే ఇంజనీరు తెలివి. ఇది కాలేజీలో ఎవరూ చెప్పరు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. మన దగ్గర రోడ్డు మీద నుంచి కనిపించేదాన్నే పని అంటారు. కమాన్ అనే స్వాగత ద్వారం, రంగు లైట్లు, ఫౌంటెన్, పేర్లు చెక్కిన రాయి. ఇవి ఉంటే పని అయినట్టు. ప్రారంభోత్సవం రోజు ఎగిరిన నీళ్లు మళ్లీ ఎగిరిన ఫౌంటెన్ నేను అరుదుగా చూశాను.

తలుపు ఎటు పెట్టాలి

నా తొలినాళ్లలో మహబూబాబాద్ వైపు ఒక తండాలో ఇళ్ల పని పడింది. మా పై అధికారి డీఈ గారు మాటల మనిషి కాదు. ప్లాను మీద సంతకం పెట్టే ముందు ఒకే ప్రశ్న వేసేవారు. "ఈ ఇంట్లో వంట చేసే మనిషితో మాట్లాడారా?" లేదంటే కాగితం వెనక్కి తోసేసేవారు. ఆఫీసులో అందరూ ఆయన్ను చాదస్తుడనేవారు.

అందుకని ప్లాను పట్టుకుని తండాకు వెళ్లాను. సాలీబాయి అనే ఆవిడ ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. ప్లాను నేల మీద పరిచి, ఇళ్లు రోడ్డు వెంట వరసగా వస్తాయని, తలుపులన్నీ రోడ్డు వైపు ఉంటాయని చూపించాను. ఆమె మిగతా ఆడవాళ్లతో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి నా వైపు తిరిగి తెలుగులో అంది.

"గిట్ల లైన్ల కడితె ఒకల మొకం ఒకలకు కనపడది మేడం. పొద్దుగాల మేం కూలికి పోతె పిలగాండ్లను ఎవలు చూడాలె? గిప్పుడు ఎవరింట్ల ముసలిదుంటె ఆమె అందరి పిల్లలను చూస్తది. గీ రోడ్డు దిక్కు తలుపులు పెడితె ఎట్ల చూస్తది?"

తండా మొత్తం ఒక వాకిలి చుట్టూ ఉందని నాకు అప్పుడు కనిపించింది. అంతకుముందు రెండుసార్లు వచ్చి కొలతలు తీసుకున్న చోటే అది. తలుపులు లోపలి వైపు తిప్పాం, మధ్యలో జాగా వదిలాం. ఇటుక పెరగలేదు, సిమెంటు పెరగలేదు. ఆ మధ్య అటు వెళితే ఆ వాకిట్లో వేప చెట్ల కింద పిల్లలు ఆడుకుంటున్నారు. గడపలో కూర్చుని ఒక ముసలామె వాళ్లను కసురుతోంది. సాలీబాయే. నన్ను గుర్తుపట్టలేదు. పిలిచి చెప్పాలని నాకూ అనిపించలేదు. అలా చూస్తూ నిలబడిపోయాను.

భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీ పార్కు కూడా అలాంటిదే. నిండా నీడ ఉండాలని ప్లానులో చెట్లకు గుర్తులు పెట్టుకుని వెళితే, బొగ్గుబాయిలో దిగి పనిచేసే ఒకాయన నవ్వాడు. "మేడం, డ్యూటీ దిగి పైకొచ్చినోనికి నీడెందుకు? భూమిల ఉన్నదంత నీడనే గద. జర ఎండ ఉంచుండ్రి." ఆ పార్కులో తూర్పు వైపు చెట్టు లేని గడ్డి జాగా ఒకటి ఉంది. పొద్దున పూట షిఫ్టు దిగినవాళ్లు ముఖాలు ఎండకు పెట్టి అక్కడ కూర్చుంటారు. తెలియని ఆఫీసర్లు ఎవరైనా వచ్చి అక్కడ మొక్కలు ఎందుకు నాటలేదని అడుగుతుంటారు.

గడి

ఇక అసలు సంగతి. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నన్ను జనగామకు వేశారు. బచ్చన్నపేట అవతల ఒక ఊరు. పేరు రాయను. ఊరి నడుమ దొరల కాలం నాటి గడి, కోటలాంటి దొర ఇల్లు, ఉంది. దొరల వారసులు ఎప్పుడో ఊరు విడిచారు. చివరికి కట్టడాన్నీ జాగానూ పంచాయతీకి రాసిచ్చేశారు. ముందు భాగం రెండంతస్తులు. వెనక ధాన్యం గరిసెలు, గొడ్ల కొట్టాలు ఎప్పుడో కూలి తుమ్మలు మొలిచాయి.

ఊళ్లో మూడు మాటలు లేచాయి. ఇల్లు లేని కుటుంబాలు అక్కడ ఇళ్లు కావాలన్నాయి. యువకులు పార్కు కావాలన్నారు. పాత కట్టడం కాబట్టి కాపాడాలని జిల్లా ఆఫీసు నుంచి ఒక మాట వచ్చింది. ఊరి నాయకుడు ఒకాయన మాత్రం ముందు కూలగొట్టండి, తర్వాత చూద్దాం అన్నాడు. కట్టడం ఎలా ఉందో చూసి రాయమని నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి ఒక జేసీబీ బయట నిలబడి ఉంది. నాయకుడి మనుషులు ముందుగానే తెప్పించి ప్రహరీని ఒకచోట గీకి చూశారట. గోడ మీద పంజా గుర్తులు పడ్డాయి తప్ప ఒక్క రాయీ కదలలేదు. డ్రైవరు టీ తాగుతూ, "గిది గోడ కాదు మేడం, గుట్ట" అన్నాడు.

మల్లయ్య అనే ముసలాయన నాకు దారి చూపిస్తానని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, గొర్ల కాపరి, భుజం మీద గొంగడి. గడి దర్వాజ ముందుకు రాగానే ఆగిపోయాడు. వంగి చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత తనే వాటిని చూసుకుని సిగ్గుపడ్డట్టు నవ్వి, కింద పడేసి మళ్లీ తొడుక్కున్నాడు.

"అలవాటు మేడం. చిన్నప్పటిసంది గింతే. లోపల ఎవడు లేడని తెల్సు. కని కాళ్లకు తెల్వదు."

"లోపలికి రండి, తాతా."

"నేను రాను. నువ్వు పోయి రా బిడ్డా."

నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఎండాకాలం మధ్యాహ్నం. బయట నిలబడితే తల మాడిపోతోంది. దర్వాజ దాటగానే కుండనీళ్లు ముఖాన చల్లినట్టు చల్లదనం. కప్పును మోసే నల్లబడిన టేకు కంబాలు, వాటి పైన చెక్కిన చిలకలు, పావురాల రెక్కల చప్పుడు. గోడకు చెయ్యి ఆనించాను. డంగుసున్నం పూత గుడ్డు పెంకులా నునుపుగా ఉంది. ఆ గోడ మందంలో ఒక మనిషి హాయిగా అడ్డంగా పడుకోవచ్చు. నేను కట్టించిన గోడలు కొన్ని నా కళ్ల ముందే పగుళ్లిచ్చాయి. ఈ గోడను కట్టినవాళ్లు ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, ఏం తిని మోశారు ఇన్ని రాళ్లు? టేపు తియ్యబుద్ధి కాలేదు. చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

తర్వాత కొలతలు తీసుకుని ఉన్నది ఉన్నట్టు రాశాను. వెనక భాగం పనికిరాదు, ముందు భాగం కప్పు సరిచేస్తే ఎన్నేళ్లయినా ఉంటుంది. నాయకుడు ఫోన్ చేసి "శిథిలమని ఒక్క మాట రాయండి మేడం" అని అడిగాడు. లేని పగులు ఎలా రాయను?

గ్రామసభ

అప్పుడు మా విభాగానికి జిల్లాలో పెద్ద సారు ఒకాయన ఉండేవారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. నేను చూసిన బాసుల్లో మనసు మంచివారిలో ఒకరు. కాగితం మీద తేల్చకుండా, ఊరినే అడుగుదామని గడి ముందు గ్రామసభ పెట్టించారు. షామియానా కింద ఊరంతా వచ్చింది. గడి ప్రహరీకి రేకులు ఆనించుకుని గుడిసెలో ఉండే ఎల్లవ్వ ముందు వరసలో కూర్చుంది. ఇల్లు రావాల్సినవాళ్లలో ఆమె మొదటిది. మల్లయ్య ఈడు మనిషి, ఒక్కతే ఉంటుంది, ఇంకా పత్తి ఏరడానికి వెళుతుంది.

సారు మల్లయ్యను చూసి, "పెద్దాయనా, మీరు చెప్పండి. ఈ గడిలో మీవాళ్లు పడ్డ బాధలు విన్నాను. కూల్చేద్దామా?" అన్నారు.

అందరూ ఊఁ అంటాడనే అనుకున్నారు. నాయకుడు అప్పుడే చప్పట్లకు చేతులు లేపాడు. మల్లయ్య లేచి గొంగడి సర్దుకున్నాడు.

"కూలగొట్టకుండ్రి సారు. నా మనుమడు పట్నంల సదువుతుండు. నేను చెప్తె నమ్మడు. 'గట్లెట్ల ఊకున్నరు తాతా మీరు' అంటడు. గిప్పుడైతె వాన్ని తోలుకొచ్చి చూపెడ్త. గీ కంబానికే మా నాయినను కట్టేసిండ్రు, గీడనే మా అమ్మ మొక్కుకుంట నిలబడ్డది అని. గిది లేకపోతె నాది ఒట్టి ముచ్చటైతది. దొరలు మంచోళ్లుండె అని రేపు ఎవడన్న అంటడు, గప్పుడు ఏం చూపెట్టాలె?"

ఎల్లవ్వ తల ఊపింది. "ఉండనియ్యుండ్రి. ఎనుక జాగల మాకు ఇండ్లు కట్టుండ్రి. ముంగట పిలగాండ్లు ఆడుకుంటరు. జాగ లేదా ఏంది?"

మూడు పేచీలూ ఆ ఒక్క మాటతో తీరిపోయాయి. వెనక ఇళ్లు, వాటికి ఇళ్ల పథకం డబ్బు. ముందు కట్టడం మరమ్మతుకు కలెక్టరు నిధి. నడుమ వాకిలి పార్కు, దానికి పంచాయతీ డబ్బు. అక్కడే కూర్చుని గీతలు గీసేశాను. చెయ్యి ఆగలేదు. సారు ముఖం వెలిగిపోయింది. మైకు అందుకుని ఉత్సాహంగా అన్నారు.

"ఇంకేం! ముందు ఈ చెత్తా రాళ్లూ తియ్యాలి. ఇంటికొకరు చొప్పున వచ్చి శ్రమదానం చేస్తే చాలు, మన ఊరి పని మనమే చేసుకున్నట్టుంటుంది!"

ఆయన చప్పట్ల కోసం చూశారు. ఒక్క చెయ్యి కదల్లేదు. ముసలివాళ్ల ముఖాలు మారిపోయాయి. ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏం జరిగిందో సారుకు అర్థం కాలేదు. నాకు కూడా ఒక క్షణం పట్టింది.

మల్లయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. గొంతు పెంచలేదు.

"సారూ, గా మాట ఇంకోపారి అనకుండ్రి. ఇంటికొకలు రావాలె అని గీ దర్వాజ కాడికెల్లే కేకేసెటోళ్లు. గా కేక ఇనంగనే మా నాయిన సగం తిన్న బువ్వ ఇడిసిపెట్టి ఉరికొచ్చెటోడు. పైస లేదు, గింజ లేదు. గది వెట్టి."

సారు మైకు కింద పెట్టేశారు.

"పని జెయ్యం అంటలేను" అన్నాడు మల్లయ్య. "జేస్తం. అందరం జేస్తం. కని కూలి ఇయ్యాలె. గీ గడిల చేసిన పనికి కూలి ముట్టింది అని ఊరు చూడాలె. బ్యాంకుల ఏసుడు గాదు. గీడ, చేతికి."

సారు వేదిక దిగి మల్లయ్య ముందుకు వెళ్లి నిలబడ్డారు. "నాకు తెలియదండీ మల్లయ్య గారూ. తప్పైపోయింది. కూలి ఇస్తాం. ఇక్కడే, చేతికే ఇస్తాం" అన్నారు. ఒక ఆఫీసరు తనను గారూ అనడం మల్లయ్యకు కొత్త. ఏం చెయ్యాలో తోచక గొంగడి కొస నలుపుకున్నాడు.

కమాన్ పోయింది

యంత్రాలతో చేయిస్తే ఖర్చు తక్కువ. మనుషులకు కూలి ఇవ్వాలంటే ఎస్టిమేటు పెరుగుతుంది. ఎక్కడ తగ్గించాలి? కమాన్ తీసేశాం. ఫౌంటెన్, రంగు లైట్లు, పేర్ల రాయి తీసేశాం. నాయకుడు ఆఫీసుకు వచ్చి గొడవపెట్టుకున్నాడు.

"కమాన్ లేకుంటె అది పార్కని ఎట్ల తెలుస్తది సారు?"

"పిల్లలు వస్తే తెలుస్తుంది లెండి" అన్నారు సారు.

చేతికి కూలి ఇవ్వడానికి నియమాలు అంత తేలిగ్గా ఒప్పుకోవు. సారు తన పై వాళ్లతో మాట్లాడి, మొదటి వారానికి మాత్రం పంచాయతీ తీర్మానం మీద అనుమతి తెచ్చారు. తర్వాతి వారాలవి అందరి మాదిరే ఖాతాల్లో పడ్డాయి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఊరికి కావాల్సింది ఆ మొదటి వారమే.

ఇప్పుడు అక్కడికి వెళితే వెనక జాగాలో ఇళ్లు కనిపిస్తాయి. ఎల్లవ్వది చివరి ఇల్లు, వాకిట్లో బంతి మొక్కలు. గడి కప్పు కారడం లేదు. వాకిట్లో ఉయ్యాలలు, నాలుగు బల్లలు. సాయంత్రం ఆ కంబాల మధ్య పిల్లలు దాగుడుమూతలు ఆడతారు. అన్నీ బాగున్నాయని చెప్పను. పై అంతస్తు మెట్లకు ఇంకా డబ్బు రాలేదు, తలుపు వేసే ఉంది. అయినా నా ఉద్యోగం మొత్తంలో ఒక్క పని చూపించమంటే అక్కడికే తీసుకెళతాను.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మనం వెళ్లే ప్రతి జాగాలోనూ మనకంటే ముందు ఏదో జరిగి ఉంటుంది. అది కొలతల్లో దొరకదు. ఎవరో చెప్పేదాకా తెలియదు. వాళ్లు చెప్పేంతసేపు మనం అక్కడ నిలబడి ఉండాలి.

ఆ రోజు

మొదటి వారం పనిలో ఆడవాళ్లు వెనక జాగాలో మట్టి తీస్తుంటే రాతి గాడి ఒకటి బయటపడింది. గుండ్రంగా, బండి చక్రమంత రాయితో సహా. సున్నం నూరే డంగు. దాన్ని శుభ్రంగా కడిగారు. మధ్యాహ్నం ఆ గాడి అంచు మీద కూర్చునే సద్ది మూటలు విప్పారు.

కూలి రోజు సాయంత్రం లోపలి వసారాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేశాం. ఒకప్పుడు దొర కూర్చున్న చోటు అదేనట. కావాలని అక్కడ వెయ్యలేదు. గాలి వచ్చే చోటని వేశాం. పంచాయతీ కార్యదర్శి పేర్లు పిలుస్తున్నాడు, సారు తన చేత్తో డబ్బు ఇస్తున్నారు. నేను పక్కన నిలబడ్డాను. జనం దర్వాజ బయటి దాకా వరసగా ఉన్నారు. అందరి కాళ్లకూ చెప్పులున్నాయి.

మొదట ఎల్లవ్వను పిలిచారు. ఆమె డబ్బు తీసుకుంది, కళ్లకద్దుకుంది. కదల్లేదు.

"ఏమ్మా, తక్కువైందా?" అన్నారు సారు.

"సరిపోయింది సారు." ఆమె పక్కనున్న గోడ మీద చెయ్యి వేసింది. "గీ గోడకు మా అవ్వ సున్నం నూరింది. నేను చిన్నపోరిని, నీళ్లు మోసిన. నన్ను కన్నతల్లి సారు, పోషవ్వ ఆమె పేరు. ఆమె కూలి ఎవరిస్తరు?"

సారు నా వైపు చూశారు. ఏ సంచీలోనూ దానికి డబ్బు లేదు.

ఎల్లవ్వే ఆయన అవస్థ చూసి నవ్వింది. "పరేషాన్ గాకు బిడ్డా. ఊకెనే అడిగిన. ఎవలన్న ఒకపారి అడగాలె గద." డబ్బు కొంగున ముడేసుకుని పక్కకు జరిగింది.

తర్వాత వచ్చినామె డబ్బు అందుకుని ఒక్క క్షణం ఆగింది. "మా అత్త లచ్చవ్వ" అంది. అంతే అని వెళ్లిపోయింది. ఆమె వెనకాయన, "మా తాత సాయిలు, రాళ్లు గొట్టిండు" అన్నాడు. కార్యదర్శి రాయడం ఆపేశాడు. "మా పెదనాయిన కొమురయ్య." "మా అవ్వ, మా చిన్నవ్వ, ఇద్దరు." ఎవరూ ఏమీ అడగడం లేదు. తమ కూలి తీసుకుని, కూలి అందని మనిషి పేరు ఆ గోడల మధ్య గట్టిగా చెప్పి వెళుతున్నారు. మల్లయ్య వంతు వచ్చింది. సభలో తను చెప్పిన ఆ కంబం పక్కనే నిలబడి, దర్వాజ బయటివాళ్లకు కూడా వినిపించేలా, "మా నాయిన రాజయ్య" అన్నాడు.

సారు కుర్చీలోంచి ఎప్పుడు లేచారో నేను చూడలేదు. చివరి పేరు అయ్యేదాకా నిలబడే కూలి ఇచ్చారు.